ఒక్క వచనంతో ఆగిపోకండి!

డిసెంబర్ 31 రాత్రి చర్చి కిక్కిరిసి ఉంటుంది. పన్నెండు దాటగానే పళ్ళెంలో వాగ్దాన కార్డులు వస్తాయి. మీరు కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. యిర్మీయా 29:11 వచ్చిందనుకోండి, ఇక ఆనందమే ఆనందం! దేవుడు మీ మేలే ఆలోచిస్తున్నాడని, మీ ముందు మంచి రోజులున్నాయని చెప్పే వచనం అది. తెల్లారేసరికి ఫోన్ వాల్‌పేపర్ మారిపోతుంది. వాట్సాప్ స్టేటస్ కూడా మారిపోతుంది.

మంచిదే. ఆ మాట దేవుడిదే. మరి దానికి ముందున్న పది వచనాల్లో ఏముందో తెలుసా?

తెలియకపోతే కంగారు పడకండి. ఈ రోజే తెలుసుకుంటారు. ఆ పది వచనాలు చదివినంత మాత్రాన మీ కార్డు విలువ తగ్గదు. నిజానికి అప్పుడే దాని బరువు తెలుస్తుంది.

బైబిల్ స్టడీ సెమినరీలో చదివినవాళ్ళ సొత్తు అనుకోకండి. అది ఒక అలవాటు, అంతే. పళ్ళు తోముకోవడం నేర్చుకున్నారు. డ్రైవింగ్ నేర్చుకున్నారు. ఇదీ నేర్చుకుంటారు. రోజుకో అరగంట ఇవ్వండి చాలు. నెల తిరిగేసరికి మీ చదువు తీరే మారిపోతుంది.

ముందు ఆ ఉత్తరం మొత్తం చదువుదాం

యిర్మీయా 29వ అధ్యాయం ఒక ఉత్తరం. ఎవరు ఎవరికి రాశారో చూడండి.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకున్నాడు. యూదా రాజును, రాజమాతను, పెద్దలను, పనితనం తెలిసిన వృత్తిపనివాళ్ళను చెరపట్టి తన దేశానికి తీసుకుపోయాడు. ఆ దూరం ఎంతో తెలియాలంటే ఎజ్రా 7:9 చూడండి. తర్వాతి కాలంలో ఎజ్రా బృందం బబులోను నుంచి యెరూషలేముకు చేరడానికి నాలుగు నెలలు పట్టింది.

చెరలో ఉన్నవాళ్ళ మనసంతా ఇంటి మీదే. ఆ రోజుల్లోనే హనన్యా అనే ప్రవక్త యెరూషలేములో ఒక తీపి కబురు చెప్పాడు. రెండేళ్ళలో అందరూ తిరిగి వచ్చేస్తారన్నాడు. వినడానికి ఎంత బాగుందో! కానీ అది దేవుడు చెప్పిన మాట కాదు. 28వ అధ్యాయమంతా ఆ కథే.

ఇక యిర్మీయా ఉత్తరంలో ఏముంది? ఇళ్ళు కట్టుకోండి. తోటలు వేసుకోండి, వాటి పండ్లు తినండి. పెళ్ళిళ్ళు చేసుకోండి, మీ పిల్లలకూ చేయండి. మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి. త్వరలో తిరిగి వెళ్తారని చెప్పే ప్రవక్తల మాట నమ్మకండి. పట్టేది డెబ్బై ఏళ్ళు.

ఇదంతా అయ్యాకే 11వ వచనం వస్తుంది.

ఇప్పుడు ఆ ఉత్తరం వింటున్న నలభై ఏళ్ళ మనిషిని ఊహించుకోండి. లెక్క అతనికి వెంటనే అర్థమవుతుంది. తను తిరిగి వెళ్ళడు. వెళ్తే మనవలు వెళ్తారు. అయినా దేవుడు తమని మరిచిపోలేదు. వదిలేయలేదు. ఈ పరాయి గడ్డ మీద కూడా తమ బతుకు ఆయన చేతుల్లోనే ఉంది.

చూశారా? కార్డు మీద చదివినప్పుడు అది “ఈ సంవత్సరం నా పనులన్నీ అయిపోతాయి” అన్నట్టు వినిపించింది. ఉత్తరంలో చదివితే అది ఓపిక నేర్పుతోంది. ఉన్నచోట వేళ్ళూనుకోమంటోంది. చుట్టూ ఉన్నవాళ్ళ మేలు కోరమంటోంది.

మీరు కువైట్‌లో పనిచేస్తున్నారా? హైదరాబాద్ హాస్టల్లో ఉండి ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నారా? ఈ ఉత్తరం మీకు షార్ట్‌కట్ ఇవ్వదు. ఇక్కడే, ఇప్పుడే, నమ్మకంగా బతకమని చెబుతుంది. కష్టం ఏడాదిలో తీరకపోయినా మీ విశ్వాసం కూలిపోదు, ఎందుకంటే దేవుడు ఇచ్చిన మాట ఏమిటో మీకు సరిగ్గా తెలుసు.

షాపులో చీర కొనేటప్పుడు కొంగు ఒక్కటే చూసి డబ్బులిచ్చేయరు కదా? మడతలన్నీ విప్పించి చూస్తారు. వచనాన్ని కూడా అలాగే విప్పి చూడండి. మీరు పట్టుకోవాల్సిన మొదటి అలవాటు ఇదే.

నంబర్లను అడ్రస్‌లుగా చూడండి

బైబిల్ రాసినవాళ్ళు వచనాలకు నంబర్లు వేయలేదు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేసింది. కొత్త నిబంధనలో ఇప్పటి వచనాల నంబర్లు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అచ్చువేసిన ప్రతితో వచ్చాయి.

అంటే ఏమిటి? నంబర్ ఉన్నది వెతుక్కోవడానికి. ఆలోచన అక్కడ ముగిసిందని దాని అర్థం కాదు.

శ్రమపడే సేవకుడి గురించి యెషయా చెప్పిన భాగాన్నే తీసుకోండి. అందరం 53వ అధ్యాయం అంటాం. కానీ ఆ భాగం మొదలయ్యేది 52:13లో. 53:1 దగ్గర మొదలుపెడితే, సేవకుడు హెచ్చించబడతాడన్న తొలి మాటే మీకు తప్పిపోతుంది.

అందుకే రూల్ ఇది: ఏ వచనం మనసుకు తగిలినా, ఆ అధ్యాయం మొత్తం చదవండి. వీలైతే ముందు అధ్యాయం కూడా చదవండి. ఆ తర్వాతే స్టేటస్ పెట్టండి.

ఈ మూడు సాకులు ఈ రోజే వదిలేయండి

సాకు 1: “నాకంత చదువు లేదండీ.”

మొదటి శతాబ్దపు సంఘాల్లో చాలామంది వాక్యాన్ని చదవలేదు, విన్నారు. పౌలు కొలొస్సయి సంఘానికి రాసిన పత్రికను సంఘంలో చదివి వినిపించమన్నాడు, లవొదికయవాళ్ళకూ వినిపించమన్నాడు (కొలొస్సయి 4:16). మీకు చదవడం కష్టమైతే ఆడియో బైబిల్ పెట్టుకోండి. ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో గట్టిగా చదివి వినిపించండి. విన్నాక ఆవిడ వేసే ప్రశ్నలు రాసుకోండి. పొలం, కరువు, వలస, అత్తాకోడళ్ళ బంధం ఎరిగిన మనిషికి మనకు కనిపించనివి కనిపిస్తాయి.

సాకు 2: “పాస్టర్ గారు చెబుతారుగా!”

చెబుతారు. వినండి, గౌరవించండి. విన్నదాన్ని ఇంటికొచ్చి సరిచూసుకోండి. బెరయ ఊరివాళ్ళు చేసింది అదే. సాక్షాత్తు పౌలు చెప్పినదాన్ని కూడా వాళ్ళు ప్రతిరోజూ లేఖనాలతో పోల్చి చూశారు. లూకా వాళ్ళని తప్పుబట్టలేదు. మెచ్చుకున్నాడు (అపొస్తలుల కార్యములు 17:11).

సాకు 3: “ఎవరి సాయం అవసరం లేదు, ఆత్మ నాకే చెబుతాడు.”

ఇదీ ప్రమాదమే. ఐతియొపీయ రాణి ఖజానా మొత్తం చూసుకునే పెద్ద అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతున్నాడు. చదివేది అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగాడు. ఎవరైనా చెప్పకపోతే ఎలా తెలుస్తుందని ఆ అధికారి ఒప్పుకున్నాడు. ఫిలిప్పును రథమెక్కించుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు (అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం). ఆ ఫిలిప్పును అతని దగ్గరికి పంపింది ఆత్మే!

బెరయవాళ్ళ పట్టుదల, ఆ అధికారి వినయం రెండూ మీకు కావాలి.

ఇంకో మాట. మీ చేతిలోని తెలుగు బైబిల్ ఊరికే రాలేదు. 1805లో లండన్ మిషన్‌వాళ్ళు జార్జ్ క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి తోడుగా అనువాదం మొదలుపెట్టారు. 1810 పూర్తయ్యేలోగా వాళ్ళిద్దరూ ఇక్కడే కన్నుమూశారు. పని మాత్రం ఆగలేదు. ఎడ్వర్డ్ ప్రిచెట్ దాన్ని ముందుకు తీసుకెళ్ళాడు, 1818లో తెలుగు కొత్త నిబంధన మద్రాసులో అచ్చయింది. జీవితాలు ధారపోసి తెచ్చిన పుస్తకం అది. షోకేస్‌లో ఉంచకండి. తెరవండి!

మూడు ప్రశ్నల పద్ధతి

ఇప్పుడు అసలు ప్రాక్టీస్. ఏ భాగం చదివినా మూడే ప్రశ్నలు వేసుకోండి.

1. ఇక్కడ ఏముంది?
2. అప్పుడు విన్నవాళ్ళకు ఇది ఏం చెప్పింది?
3. ఇప్పుడు నేను ఏం చేయాలి?

ఈ వరస మార్చకండి. చాలామంది నేరుగా మూడో ప్రశ్నకు దూకేస్తారు. అక్కడే బోల్తా పడతారు.

రూతు 2వ అధ్యాయంతో చేసి చూద్దాం. బైబిల్ తీసి పక్కన పెట్టుకోండి.

ఇక్కడ ఏముంది? కళ్ళకు కనిపించింది కనిపించినట్టు రాయండి. యవల కోత కాలం. మోయాబు నుంచి వచ్చిన విధవ రూతు. భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న అత్త నయోమి. తినడానికి లేక రూతు పొలంలో పరిగె ఏరుకోవడానికి వెళ్ళింది. పొలం యజమాని బోయజు. అతను కూలీలను దేవుడి పేరుతో పలకరిస్తాడు, వాళ్ళూ అలాగే బదులిస్తారు. పనివాళ్ళు తోడిన నీళ్ళు తాగమని రూతుకు చెబుతాడు. భోజనానికి పిలిచి పేలాలు పెడతాడు. ఆమె తిని, మిగిలింది అత్త కోసం దాచుకుంటుంది. ఇదీ గమనించండి: పనలలోంచి కొన్ని కంకులు కావాలనే లాగి పడేయమని అతను కూలీలకు చెబుతాడు, ఆమెను గద్దించొద్దంటాడు. సాయంత్రానికి ఆమె దుళ్ళగొట్టిన యవలు సుమారు ఒక ఏఫా, అంటే దాదాపు 22 లీటర్లు. పరిగె ఏరుకున్నవాళ్ళకు ఒక్క రోజులో అంత రావడం మామూలు విషయం కాదు. అందుకే నయోమి ఆశ్చర్యపోయి, ఎవరి పొలంలో ఏరుకున్నావని అడుగుతుంది.

అప్పుడు విన్నవాళ్ళకు ఏం చెప్పింది? ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. లేవీయకాండము 19:9-10 చూడండి. పొలం అంచుల దాకా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అవి బీదలకు, పరదేశులకు వదలాలి. అది దేవుడి ఆజ్ఞ. రూతు బీదరాలు, పరదేశి కూడా. పైగా ఇది న్యాయాధిపతుల కాలం, ఎవరికి తోచింది వాళ్ళు చేసిన కాలం. అలాంటి రోజుల్లో ఒక రైతు ఆజ్ఞ పాటించాడు. అడిగినదానికంటే ఎక్కువే చేశాడు. ఆకలితో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకు దేవుడి దయ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆజ్ఞకు లోబడిన ఒక మనిషి పొలంలో దొరికింది.

కథ ఎక్కడికి వెళ్తుందో కూడా చూడండి. రూతు కొడుకు ఓబేదు దావీదుకు తాత. మత్తయి 1:5లో యేసు వంశావళిలో ఈ మోయాబు కోడలి పేరుంది. బయటిదని పేరుపడ్డ స్త్రీ రక్షకుడి వంశంలోకి వచ్చింది. మోషే, ప్రవక్తలు రాసినదంతా తన వైపు ఎలా చూపిస్తోందో యేసే ఎమ్మాయు దారిలో శిష్యులకు వివరించాడు (లూకా 24:27). అందుకే పాత నిబంధన చదివినప్పుడల్లా ఈ దారి యేసు దగ్గరికి ఎలా వెళ్తుందో వెతకండి.

ఇప్పుడు నేను ఏం చేయాలి? యూత్ మీటింగుల్లో “నాకూ ఒక బోయజు కావాలి” అనే మాట వినిపిస్తుంటుంది. పెళ్ళి కోసం ప్రార్థించడం తప్పు కాదు. కానీ ఈ అధ్యాయం ముందు అడిగేది వేరు. మీ పొలానికి అంచు ఉందా? మీ జీతంలో ఇంకొకరి కోసం వదిలే భాగం ఉందా? ఇచ్చేటప్పుడు తీసుకునేవాళ్ళ తల దించకుండా ఇస్తున్నారా? మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు మీరు తినేదే పెడుతున్నారా?

ఒక పని ఎంచుకోండి. పేరు, తేదీ రాసుకోండి. “అందరినీ ప్రేమిస్తాను” అని రాయకండి. “శనివారంలోగా ఫలానా వాళ్ళకు ఫలానాది ఇస్తాను” అని రాయండి. వాక్యం వంటబట్టేది అలాగే.

ఏ పుస్తకాన్ని ఎలా చదవాలి?

ప్రొటెస్టెంట్ బైబిల్లో 66 పుస్తకాలున్నాయి, క్యాథలిక్ బైబిల్లో 73. అన్నీ ఒకే రకం రచనలు కావు. ఏ రకమో గుర్తుపడితే సగం తప్పులు మొదట్లోనే ఆగిపోతాయి.

• చరిత్ర, కథనాలు. జరిగింది చెబుతాయి. జరిగిందల్లా మనం చేయాలని కాదు. గిద్యోను గొర్రెబొచ్చు పరిచి గుర్తు అడిగాడు (న్యాయాధిపతులు 6). “ఈ రోజు ఫోన్ వస్తే ఆ ఉద్యోగం దేవుని చిత్తం” అని మనమూ పరీక్షలు పెడతాం. కానీ గిద్యోనుకు దేవుడు అంతకుముందే స్పష్టంగా చెప్పేశాడు. ఆ గుర్తు అతని తడబాటును, దేవుడి ఓర్పును చూపిస్తుంది. నిర్ణయాలు తీసుకునే ఫార్ములా ఇవ్వడం లేదు.

• కీర్తనలు. ఇవి ప్రార్థనలు, పాటలు. కోపం, ఏడుపు, భయం అన్నీ ఉంటాయి. 88వ కీర్తన చీకటి దగ్గరే ముగిసిపోతుంది, ఊరట మాటతో ముగియదు. దేవుడు ఆ ప్రార్థనను కూడా తన గ్రంథంలో ఉంచాడు. మీకు మాట రాని రోజున దాన్నే మీ ప్రార్థన చేసుకోండి.

• సామెతలు. లోకంలో సాధారణంగా ఏం జరుగుతుందో చెప్పే జ్ఞానం ఇది. గ్యారంటీ కార్డు కాదు. 26:4, 26:5 పక్కపక్కనే చదవండి. మూర్ఖుడికి జవాబివ్వొద్దని ఒకటి, ఇవ్వమని ఇంకొకటి! ఎప్పుడు ఏది చేయాలో తెలుసుకోవడమే జ్ఞానం. పిల్లవాణ్ణి సరైన దారిలో పెంచమనే 22:6 కూడా ఇలాంటిదే. కొడుకు దారి తప్పాడని కుమిలిపోతున్న తల్లి మీద ఈ వచనాన్ని విసరకండి. ఆమె పక్కన కూర్చుని ప్రార్థన చేయండి.

• ఉపమానాలు. ఎవరు వింటుండగా చెప్పాడో చూడండి. లూకా 15లో తప్పిపోయిన కుమారుడి కథ దగ్గర మనం చిన్నవాడు ఇంటికి రాగానే ఆగిపోతాం. మొదటి రెండు వచనాలు చదవండి. యేసు పాపులతో భోంచేస్తున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు సణుగుతున్నారు. అందుకే కథ పెద్ద కొడుకు దగ్గర ముగుస్తుంది. తండ్రి బతిమాలుతున్నాడు. వాడు లోపలికి వెళ్ళాడో లేదో చెప్పలేదు. చిన్నప్పటి నుంచి చర్చికి వస్తున్న మనలాంటివాళ్ళకే ఆ ప్రశ్న.

• పత్రికలు. ఎవరు, ఎక్కడి నుంచి, ఏ సమస్య మీద రాశారో తెలుసుకోండి. ఫిలిప్పీయులకు 4:13ని ఎగ్జామ్ హాల్‌టికెట్ మీద రాసుకునేవాళ్ళున్నారు. పౌలు ఆ మాట రాసింది బంధకాల్లో ఉండి. పైన రెండు వచనాలు చూడండి. ఆకలైనా, కడుపు నిండినా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానంటున్నాడు. ర్యాంకు వచ్చినా రాకపోయినా నిలబెట్టే బలం అది. ర్యాంకు కంటే పెద్ద వరం!

• ప్రకటన. ఆసియాలోని ఏడు సంఘాలకు, అంటే ఇప్పటి టర్కీ పశ్చిమ ప్రాంతంలో ఒత్తిళ్ళు ఎదుర్కొంటున్న విశ్వాసులకు పంపిన గ్రంథం. దానిలోని గుర్తులకు మూలాలు చాలావరకు పాత నిబంధనలోనే ఉన్నాయి. వాటిని అక్కడ వెతకండి. ఈ రోజు టీవీ వార్తలకు అతికించే తొందర మానుకోండి.

ఈ నాలుగు అలవాట్లకు గుడ్‌బై చెప్పండి

ఒకటి: కళ్ళు మూసుకుని పేజీ తెరిచి వేలు పెట్టడం. దేవుడు మాట్లాడటానికి మీ వేలి మీద ఆధారపడడు. వరసగా చదవండి.

రెండు: వచనాన్ని ఆయుధంగా వాడటం. భార్య మీద, కోడలి మీద, పక్క సంఘం మీద గెలవడానికి వచనాలు వెతకకండి. అరణ్యంలో సాతాను కూడా 91వ కీర్తన వల్లించాడు (మత్తయి 4:6). దేవుణ్ణి నమ్మినవాడి భద్రత గురించిన పాటను ఆ దేవుణ్ణే పరీక్షించడానికి వాడబోయాడు. ఆ కీర్తనలో తర్వాతి వచనమే సర్పాన్ని తొక్కడం గురించి చెబుతుంది, అక్కడిదాకా వాడు వెళ్ళలేదు. యేసు ఇంకో లేఖనంతో వాణ్ణి సరిచేశాడు. మీరూ వాక్యాన్ని వాక్యంతోనే సరిచూడండి.

మూడు: నచ్చినవి మాత్రమే చదవడం. ఓదార్పు వచనాలకే అండర్‌లైన్ చేస్తున్నారా? ఈ వారం మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఒక్క వచనానికి అండర్‌లైన్ చేయండి. మీరు ఎదగాల్సింది అక్కడే.

నాలుగు: ముప్పై సెకన్ల క్లిప్పులతో కడుపు నింపుకోవడం. ఎంత గొప్ప ప్రసంగీకుడి రీల్ అయినా ముందు అధ్యాయం చదవండి, తర్వాత వినండి. మీ దగ్గర ప్రశ్న ఉంటేనే జవాబు పనికొస్తుంది.

రోజుకు అరగంట... ఇలా!

మీకు కుదిరే సమయం ఒకటి ఖాయం చేసుకోండి. తెల్లవారుజామునే కావాలని లేదు. నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళు మధ్యాహ్నం పెట్టుకోండి. రోజూ అదే సమయం, అదే చోటు. ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. పేపర్ బైబిల్, ఒక నోట్‌బుక్, ఒక పెన్ను ఉంటే చాలు.

• 3 నిమిషాలు: ప్రార్థన. “ప్రభువా, నా మాట నీ నోట పెట్టకుండా నన్ను కాపాడు. నీ మాట వినిపించు.”
• 10 నిమిషాలు: భాగాన్ని రెండుసార్లు చదవండి. ఒకసారి గట్టిగా చదవండి.
• 12 నిమిషాలు: మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి.
• 5 నిమిషాలు: చేయాల్సిన ఒక్క పని రాసి, దాని గురించే ప్రార్థన చేయండి.

పాత అనువాదంలో ఏదైనా వాక్యం కొరుకుడు పడకపోతే వాడుక భాషలో ఉన్న అనువాదాన్ని పక్కన పెట్టుకోండి. పేజీ అంచున ఉండే రిఫరెన్సులు, వెనకున్న మ్యాపులు వాడండి. వ్యాఖ్యాన పుస్తకం చివర్లో తెరవండి. ముందు మీ మెదడు పనిచేయాలి.

30 రోజుల ప్లాన్ ఇదిగో:

• మొదటి వారం రూతు: రోజుకో అధ్యాయం చొప్పున నాలుగు రోజులు. ఐదో రోజు మొత్తం ఒకే విడతలో. మొత్తం 85 వచనాలే! చివరి రెండు రోజులు మీ నోట్స్ తిరగేయండి, ఇంట్లోవాళ్ళకు కథ చెప్పండి.
• రెండో వారం ఫిలిప్పీయులకు: ఇదీ నాలుగు అధ్యాయాలే. అదే పద్ధతి.
• మిగిలిన 16 రోజులు మార్కు సువార్త: రోజుకో అధ్యాయం. 16తో పూర్తి.

ఒక రోజు తప్పిందా? మర్నాడు మొదలుపెట్టండి. “అయ్యో, మిస్సయిపోయాను” అని మొత్తం ప్లాన్ గాలికి వదిలేయకండి. పట్టుదల ఉన్నవాళ్ళకూ రోజులు తప్పుతాయి. వాళ్ళు మళ్ళీ కూర్చుంటారు, అంతే తేడా.

అర్థం కాకపోతే?

అర్థం కానివి వస్తాయి. సహజమే. పౌలు రాసినవాటిలో కొన్ని గ్రహించడం కష్టమని పేతురు పత్రికలోనే ఉంది (2 పేతురు 3:16)! మీరు సిగ్గుపడాల్సింది లేదు.

అలాంటి చోట మూడు పనులు చేయండి.

• నోట్‌బుక్‌లో ప్రశ్నార్థకం పెట్టి, ప్రశ్నను పూర్తిగా రాయండి.
• అదే విషయం మీద స్పష్టంగా మాట్లాడే భాగాలు వెతకండి. స్పష్టమైనదాని వెలుగులో కష్టమైనదాన్ని చూడండి.
• ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారినో, వాక్యంలో అనుభవమున్న పెద్దలనో అడగండి. “అయ్యగారూ, ఈ అధ్యాయం చదివాను, ఇక్కడ ఆగిపోయాను” అనండి. చదివి అడిగిన ప్రశ్నకు ఎవరైనా సంతోషిస్తారు.

ఒంటరిగా చదివితే మన ఇష్టమే బైబిల్ ఇష్టమని నమ్మే ప్రమాదం ఉంది. కాబట్టి ముగ్గురు నలుగురు కలిసి గృహకూడిక పెట్టుకోండి. వారానికొక్కసారి చాలు. ఒక్క నియమం పెట్టుకోండి: ఎవరు ఏ మాట చెప్పినా, “ఇది ఏ వచనంలో కనిపించింది?” అని మిగతావాళ్ళు అడగాలి. ప్రేమగా అడగాలి. అభిప్రాయం తేడా వస్తే గొంతు పెంచకండి. మళ్ళీ అదే భాగం కలిసి చదవండి. దేవుని మాట కోసం కూర్చున్నప్పుడు పక్కవాళ్ళ మాట ఓపిగ్గా వినడం కూడా భక్తిలో భాగమే.

అసలు పరీక్ష ఇదే

ఎన్ని అధ్యాయాలు చదివారన్నది లెక్క కాదు. ఎన్ని వాక్యాలు కంఠతా వచ్చన్నది కూడా కాదు. వాక్యం విని ఊరుకునేవాడు తనను తానే మోసం చేసుకుంటున్నాడని యాకోబు తేల్చి చెప్పాడు (1:22). చదివినదాని వల్ల మీ ఇంట్లోవాళ్ళకు ఏం తేడా తెలిసింది? కోపం వచ్చినప్పుడు మీ గొంతు తగ్గిందా? అప్పు ఇచ్చిన చోట మీ మాట మెత్తబడిందా? మీకు సాయం చేయలేని మనిషిని కూడా గౌరవంగా పలకరిస్తున్నారా?

ఆలోచించి చూడండి. సందర్భం చూసి చదవడం అంటే ఏమిటి? ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా విని, ఆ తర్వాతే జవాబివ్వడం. బైబిల్ దగ్గర ఈ అలవాటు పట్టుకున్నవాళ్ళు ఇంట్లో, ఆఫీసులో, సంఘంలో కూడా అలాగే వింటారు. సగం మాటకే తీర్పు చెప్పరు. ఒక్క మెసేజ్ చూసి మనిషిని అంచనా వేయరు. దేవుడి మాట వినడం నేర్చుకున్న చెవులు మనుషుల బాధను కూడా వింటాయి.

మీరు ఇది చేయగలరు. ఇందులో సందేహం లేదు. పెద్ద డిగ్రీ అక్కర్లేదు, ఖరీదైన పుస్తకాలు అక్కర్లేదు. ఓపిక కావాలి, నిజాయితీ కావాలి, రోజుకో అరగంట కావాలి. ఈ మూడూ మీ దగ్గరున్నాయి.

రేపటికి వాయిదా వేయకండి. మీతో కలిసి చదివే ఒకరికి ఇప్పుడే ఫోన్ చేయండి. నోట్‌బుక్ తీసి ఈ రోజు తేదీ వేయండి. పేజీకి మూడు గళ్ళు గీయండి: ఏముంది, అప్పుడు ఏం చెప్పింది, నేనేం చేయాలి. రూతు మొదటి అధ్యాయం తెరవండి. 22 వచనాలే. మొదటిసారి గట్టిగా చదవండి, రెండోసారి పెన్ను చేతిలో పట్టుకుని చదవండి. పడుకునేలోగా మూడో గడిలో ఒక్క పని రాయండి. రేపు పొద్దున్నే ఆ పని చేసేయండి!